మహమ్మారి వస్తే మన హక్కులు ఎవరి చేతిలో? విశాఖ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అంటువ్యాధులు, అంతర్జాతీయ ఒప్పందాల గురించి గత సంచికలో రాసినప్పటి నుంచి విశాఖపట్నం పాఠకులు వరసగా ఉత్తరాలు రాస్తున్నారు. రేవు పట్టణం, విదేశాల్లో పిల్లలున్న ఇళ్లు ఎక్కువగా ఉన్న పట్టణం కాబట్టి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. చాలామంది కోరిన మీదట ఎవరి పేర్లూ ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా వాకింగ్ మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం తిరుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థలో కొత్తగా కుదిరిన మహమ్మారి ఒప్పందం వల్ల ఇకమీదట విశాఖలో లాక్‌డౌన్ పెట్టాలా వద్దా అనేది జెనీవాలో నిర్ణయిస్తారట, టీకాలు కూడా బలవంతంగా వేయిస్తారట. 2020లో జరిగినదంతా ఆ సంస్థ ఆదేశం మీదే జరిగిందని మా మిత్రుడొకరు గట్టిగా వాదిస్తున్నారు. ఇందులో నిజమెంత?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, ఎంవీపీ కాలనీ)

జవాబు: మాస్టారూ, ముందు 2020 సంగతి తేల్చుకుందాం. ఆ ఏడాది మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాని ప్రకటించగా అర్ధరాత్రి నుంచి అమలైన లాక్‌డౌన్‌కు ఆధారం మన పార్లమెంటు 2005లో చేసిన విపత్తు నిర్వహణ చట్టం. ఆ చట్టం కింద ఏర్పడిన జాతీయ కార్యనిర్వాహక కమిటీ అధ్యక్షుడి హోదాలో కేంద్ర హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు ఇచ్చారు. ఉల్లంఘించినవారికి ఆ చట్టంలోని 51 నుంచి 60 వరకు సెక్షన్లు, అప్పటి భారత శిక్షాస్మృతిలోని 188వ సెక్షన్ వర్తిస్తాయని కూడా ఆ కాగితాల్లోనే రాశారు. రాష్ట్రాలేమో 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని బయటికి తీశాయి. బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం హడావిడిగా చేసిన ఆ చట్టం ఒకటిన్నర పేజీ ఉంటుందేమో. అధికారి ఏమేం చేయవచ్చో చెబుతుంది, పౌరుడికి ఏం మిగులుతుందో ఒక్క ముక్క చెప్పదు. జెనీవా నుంచి వచ్చింది 2020 జనవరి 30 నాటి అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర ప్రకటన, దాని వెంట కొన్ని సలహాలు. ఆ రోజు నిపుణుల కమిటీ ప్రయాణాలపై గాని వ్యాపారంపై గాని ఆంక్షలు పెట్టమని సిఫారసు చేయలేదన్న సంగతి మీ మిత్రుడికి చెప్పి చూడండి. సరిహద్దులు మూసుకున్న దేశాలన్నీ సొంత నిర్ణయంతోనే మూసుకున్నాయి.

దేశాలు కట్టుబడవలసిన నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. 2005లో ఆమోదం పొంది 2007 జూన్ 15న అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో 196 దేశాలు భాగస్వాములు. అనుమానాస్పదమైన వ్యాధి కనబడి, అది ఎల్లలు దాటే ప్రమాదముందని అంచనాకు వస్తే 24 గంటల్లో సంస్థకు తెలియజేయాలి. ప్రయాణికులను 24 గంటలకు మించి ఆపేటంత అదనపు ఆంక్ష పెట్టిన దేశం 48 గంటల్లో దానికి ఆరోగ్యపరమైన కారణాలు చూపించుకోవాలి. అంతకంటె తక్కువ ఇబ్బంది పెట్టే మార్గం అందుబాటులో ఉంటే దాన్నే పట్టుకోవాలి. ఇదంతా మనుషుల గౌరవానికి, మానవ హక్కులకు, ప్రాథమిక స్వేచ్ఛలకు పూర్తి మన్నన ఇస్తూ అమలు చేయాలని మూడో అధికరణం అంటోంది. అంటే కాగితం మీద ఈ నిబంధనలు కట్టేసేది ప్రభుత్వాల చేతుల్నే. లోపమల్లా, వాటిని ధిక్కరించిన దేశాన్ని నిలదీయడానికి ఆ సంస్థకు పోలీసులూ లేరు, జరిమానా వేసే అధికారమూ లేదు. కారణాలు చెప్పవలసిన దేశాల్లో చాలా భాగం చెప్పనే లేదు. చెప్పనందుకు ఏమీ జరగలేదు.

ఇక కొత్త ఒప్పందం. 2025 మే 19న సభ్యదేశాలన్నీ కూర్చునే ప్రపంచ ఆరోగ్య సభ కమిటీలో ఓటింగ్ జరిగితే 124 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, 11 తటస్థంగా ఉన్నాయి, వ్యతిరేకించినవారు లేరు; మర్నాడు సభ ఆమోదించింది. లాక్‌డౌన్ పెట్టమని గాని, టీకా తప్పనిసరి చేయమని గాని, ప్రయాణికులను ఆపమని గాని ఏ దేశాన్నీ ఆదేశించే అధికారం ఆ సంస్థ సచివాలయానికీ దాని డైరెక్టర్ జనరల్‌కూ ఈ ఒప్పందం ఇవ్వడం లేదని అందులోనే విడమరచి రాశారు. మీ గ్రూపులో తిరుగుతున్న సందేశం లాంటివి దేశదేశాల్లో తిరగడం వల్లే ఆ వాక్యం అంత వివరంగా రాయవలసి వచ్చిందని నా అనుమానం. పైగా ఆ ఒప్పందం అమల్లోకి రావాలంటే, వ్యాధికారక క్రిముల నమూనాలనూ వాటి నుంచి వచ్చే టీకాలు, మందులనూ దేశాలు ఎలా పంచుకోవాలో చెప్పే అనుబంధం ఖరారు కావాలి, ఆ తర్వాత 60 దేశాలు ధ్రువీకరించాలి.

అయితే మీ భయం పూర్తిగా గాలి కబురు కాదు. ఆరోగ్య నిబంధనలకు 2024లో చేసిన సవరణలు 2025 సెప్టెంబరు 19న అమల్లోకి వచ్చాయి. ఈ తరహా సవరణలను నిర్ణీత గడువులోగా తిరస్కరించని దేశం ఒప్పుకున్నట్టే లెక్క. అమెరికా జూలైలో తిరస్కరించింది. విడిగా సంతకం అక్కర్లేదు, పార్లమెంటులో చర్చ తప్పనిసరి కాదు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అనే ఈ పద్ధతి మీద ప్రజాస్వామ్యవాదులకు అభ్యంతరం ఉండవలసిందే. ఆ అభ్యంతరం చెప్పవలసిన చోటు మాత్రం ఢిల్లీ. మన పద్ధతిలో అంతర్జాతీయ ఒప్పందం దానంతటది మీ ఇంటి గేటు దాకా రాదు. రాజ్యాంగం 253వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేస్తేనో, ఇప్పటికే ఉన్న చట్టం కింద అధికారి ఉత్తర్వు ఇస్తేనో వస్తుంది.

ప్రశ్న: యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశాల చట్టాల కంటె యూనియన్ చట్టమే పైచేయి అని మాకు పాఠం చెప్పారు. అలాంటప్పుడు 2020లో ఆ దేశాలు ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు సరిహద్దులు ఎలా మూసుకోగలిగాయి? తర్వాత కోర్టులు ఏమన్నాయి?
(న్యాయశాస్త్ర విద్యార్థిని, ఆంధ్ర విశ్వవిద్యాలయం)

జవాబు: మీ పాఠం సరైనదే, కాని అది సగమే. యూనియన్‌కు అప్పగించిన అంశాల్లో మాత్రమే యూనియన్ చట్టానిది పైచేయి. ఆరోగ్య విధానం, వైద్య సేవల నిర్వహణ సభ్యదేశాల బాధ్యత అని యూనియన్ పనితీరు ఒప్పందంలోని 168వ అధికరణం చెబుతోంది. పౌరులు స్వేచ్ఛగా తిరిగే హక్కు మాత్రం యూనియన్ ఇచ్చినది. కాబట్టి సరిహద్దు దగ్గర ఆగిన మనిషి ఒంట్లోని వైరస్ ఒక ప్రభుత్వ పరిధిలో, చేతిలోని పాస్‌పోర్టు ఇంకో చట్టం పరిధిలో ఉన్నట్టయింది. స్వేచ్ఛా సంచారంపై 2004లో చేసిన డైరెక్టివ్‌లోనే (అంటే సభ్యదేశాలు అమలు చేయవలసిన యూనియన్ చట్టంలోనే), ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం మహమ్మారిగా మారగల వ్యాధులున్నప్పుడు రాకపోకలను పరిమితం చేయవచ్చని ఒక మినహాయింపు ఉంది. సరిహద్దు తనిఖీలు లేకుండా తిరగనిచ్చే దేశాలకు వర్తించే షెన్‌గెన్ సరిహద్దుల కోడ్‌లోనేమో లోపలి సరిహద్దుల్లో మళ్లీ తనిఖీలు పెట్టడానికి శాంతిభద్రతలకో అంతర్గత భద్రతకో తీవ్రమైన ముప్పు ఉండాలని ఉంది తప్ప ప్రజారోగ్యం మాట లేదు. దేశాలు ఆరోగ్యాన్ని భద్రతలో కలిపేసి పని కానిచ్చాయి. ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని ఆ కోడ్‌లో స్పష్టంగా చేర్చింది 2024లో! పని ముందు, చట్టం తర్వాత అన్నమాట.

కోర్టు సంగతికి వస్తే, నార్డిక్ ఇన్ఫో కేసు చదవండి. బెల్జియం ప్రభుత్వం 2020 జూలైలో దేశాలకు రంగులు కేటాయించి, ఎర్ర రంగు పడిన దేశాలకు అత్యవసరం కాని ప్రయాణాలను నిషేధించింది. జూలై 12న స్వీడన్‌కు ఎరుపు పడింది. నార్డిక్ ఇన్ఫో అనే పర్యాటక సంస్థ ఆ వేసవికి స్వీడన్ యాత్రలన్నీ రద్దు చేసుకుంది. జూలై 15 నాటికి ఎరుపు కాస్తా నారింజ రంగుగా మారింది. మూడు రోజుల ముచ్చటకు సీజనంతా పోయిందని ఆ సంస్థ బెల్జియం ప్రభుత్వం మీద నష్టపరిహారం దావా వేసింది. లక్సెంబర్గ్‌లోని యూనియన్ న్యాయస్థానం 2023 డిసెంబరు 5న తీర్పు ఇస్తూ అలాంటి నిషేధం చెల్లుతుందంది. అయితే నియమం స్పష్టంగా, ముందే తెలిసేలా ఉండాలి, వివక్ష ఉండకూడదు, అవసరానికి మించకూడదు, కోర్టులో సవాలు చేసే వీలుండాలి అని షరతులు పెట్టింది. షరతులు మంచివే. కాని 2020 జూలైలో వేసవి ప్రయాణం మానుకున్న మనిషికి 2023 డిసెంబరులో తెలిసిన న్యాయసూత్రం ఏ మేరకు పనికొచ్చిందన్నది నన్ను ఇప్పటికీ తొలిచే ప్రశ్న.

స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానం వేరు, దాన్ని యూనియన్ కోర్టుతో కలిపేయకండి. పరీక్షల్లో చాలామంది చేసే పని అదే. యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక 15వ అధికరణం కింద, అత్యవసర సమయంలో కొన్ని హక్కుల నుంచి తాత్కాలికంగా తప్పుకుంటున్నామని నోటీసు ఇచ్చే వెసులుబాటు దేశాలకు ఉంది. రొమేనియా, లాత్వియా, ఎస్టోనియా, జార్జియా వంటి పది దేశాలు ఆ నోటీసు ఇచ్చాయి. ఎక్కువ కఠినంగా వ్యవహరించిన పెద్ద దేశాలు ఇవ్వలేదు. నోటీసు ఇచ్చిన దేశం తాను దారి తప్పుతున్నానని నలుగురి ముందు ఒప్పుకుంటుంది, గడువు చెబుతుంది, మళ్లీ దారిలోకి వచ్చినప్పుడు ఆ మాటా చెబుతుంది. ఆ పద్ధతే నయమని నా అభిప్రాయం. మన దేశం 1979లో పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. అందులో నాలుగో అధికరణం కింద ఇలాంటి నోటీసుకు అవకాశం ఉన్నా 2020లో మనమూ ఇవ్వలేదు. రొమేనియా లాక్‌డౌన్ 52 రోజులు తనను ఇంట్లో బంధించిందని యూరోపియన్ పార్లమెంటు సభ్యుడు టెర్హెష్ ఫిర్యాదు చేస్తే, పని మీద బయటికి వెళ్లే వీలున్నప్పుడు దాన్ని నిర్బంధం అనలేమని 2021లో స్ట్రాస్‌బర్గ్ కోర్టు తోసిపుచ్చింది.

మీకు దగ్గరి ఉదాహరణ కావాలంటే మన రెండు రాష్ట్రాల సరిహద్దే ఉంది. 2020 మార్చి చివరి వారంలో హైదరాబాదు హాస్టళ్లు మూతపడితే, అక్కడి పోలీసులు ఇచ్చిన అనుమతి కాగితాలతో బయలుదేరిన మన పిల్లలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. 2021 మే నెలలో సీను తిరగబడింది. ఆసుపత్రి నుంచి ముందస్తు అంగీకారం లేనిదే రోగులను రానివ్వబోమని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వడంతో మన వైపు నుంచి వెళ్లిన అంబులెన్సులు పుల్లూరు టోల్ గేట్ దగ్గర నిలబడిపోయాయి. తెలంగాణ హైకోర్టు మే 14న ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. ఉత్తర్వు మే 11 నాటిది, స్టే వచ్చింది మూడు రోజులకు. పై స్థాయి చట్టం గొప్పగా రాసి ఉందా లేదా అనేదాని కంటె, అంబులెన్సు ఇంకా రోడ్డు మీద ఉండగానే కోర్టు తలుపు తెరుచుకుందా లేదా అనేది నేను ముందు చూస్తాను. మీ సెమినార్ పత్రానికి నార్డిక్ ఇన్ఫో కేసునూ ఈ తెలంగాణ కేసునూ పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి 2021లో పై చదువుకు జర్మనీ వెళ్లాడు. బయలుదేరే ముందు ఇక్కడే కోవాగ్జిన్ రెండు డోసులు వేయించుకున్నాడు. అక్కడ ఆ సర్టిఫికెట్ చెల్లదన్నారు. హోటల్‌కు వెళ్లాలన్నా ఇబ్బందే. చివరికి మళ్లీ వేరే టీకా వేయించుకున్నాడు. కోవిషీల్డ్ వేసుకున్న వాడి స్నేహితుడికి ఆ బాధ లేదు. ఇది వివక్ష కాదా? ఎవరినైనా అడగవచ్చా?
(గృహిణి, గాజువాక)

జవాబు: అమ్మా, బాధ అర్థమైంది గాని పరిహారం దారి మాత్రం కనబడదు. యూనియన్ తెచ్చిన డిజిటల్ కోవిడ్ సర్టిఫికెట్ 2021 జూలై 1 నుంచి 2023 జూన్ 30 వరకు నడిచింది. టీకా వేయించుకున్నట్టు, పరీక్షలో నెగెటివ్ వచ్చినట్టు, లేదా వ్యాధి సోకి కోలుకున్నట్టు అందులో ఏదో ఒక రుజువు ఉంటే చాలు. దాన్ని తెచ్చింది సభ్యదేశాల మధ్య రాకపోకలు సాఫీగా సాగడానికి; యూరోపియన్ మందుల సంస్థ అనుమతించిన టీకాలను ప్రతి దేశమూ ఒప్పుకోవాలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోని టీకాలను ఒప్పుకోవాలో లేదో ఎవరి ఇష్టం వారిది. ఇక బయటి దేశాల వారిని రానివ్వడంపై యూనియన్ ఇచ్చింది సిఫారసు మాత్రమే, ఆదేశం కాదు. హోటల్‌లోకి ఎవరిని రానివ్వాలన్నది పూర్తిగా స్థానిక చట్టం. చూడబోతే ఒకే సర్టిఫికెట్, దాని వెనుక ఎన్ని గుమ్మాలో!

పుణెలో తయారైన కోవిషీల్డ్‌దీ అక్కడివారు వేసుకున్న ఆస్ట్రాజెనెకా టీకాదీ ఒకే సూత్రం. అయినా మందుల సంస్థ అనుమతి తయారీ కేంద్రాన్ని బట్టి కూడా ఉంటుంది కనుక మొదట దానికీ చిక్కు వచ్చింది. మన ప్రభుత్వం గట్టిగా పట్టుబట్టాక జర్మనీ సహా పలు దేశాలు విడివిడిగా ఒప్పుకున్నాయి. మన హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఆమోదం 2021 నవంబరు 3న వచ్చింది. ప్రయాణం కోసం జర్మనీ దాన్ని గుర్తించింది 2022 జూన్ 1 నుంచి. సంస్థ ఆమోదించిన టీకాను గుర్తించమని జర్మనీని బలవంతపెట్టగల చట్టం ఆ ఏడు నెలల్లో ప్రపంచంలో ఎక్కడా లేదు. ఇలాంటి చోట పనిచేసింది బేరమే. బ్రిటన్ మన టీకా సర్టిఫికెట్లను ఒప్పుకోనప్పుడు, 2021 అక్టోబరు 4 నుంచి అక్కడి నుంచి వచ్చేవారికి మనమూ పది రోజుల క్వారంటైన్ పెట్టాం. వారంలోగా వారు నిబంధన సడలించారు. దెబ్బకు దెబ్బ అనే పద్ధతి పనిచేసిందని సంతోషించేవారున్నారు. నాకైతే మధ్యలో నలిగింది మీ అబ్బాయి వంటి విద్యార్థులే అనిపిస్తుంది.

ప్రశ్న: 2020లో మా ఇంటి గేటుకు స్టిక్కరు అంటించారు, వీధికి అడ్డంగా కర్రలు కట్టారు. అంతకంటె ఘోరం, మా పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న జాబితా వాట్సాప్‌లో తిరిగింది. పాలవాడు రావడం మానేశాడు. మళ్లీ అలా చేస్తే అడ్డుకునే చట్టం ఇప్పుడైనా ఉందా?
(ప్రైవేటు ఉద్యోగి, సీతమ్మధార)

జవాబు: స్టిక్కరు వరకు సమాధానం ఉంది. విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారం ఉన్నవారు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప కోవిడ్ రోగుల ఇళ్ల బయట పోస్టర్లు అంటించరాదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 9న చెప్పింది. మీ గేటుకు స్టిక్కరు పడిన చాలా నెలలకు, అంటే మొదటి అల చల్లబడ్డాక.

జాబితా విషయం అంత తేలిక కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, దశలవారీగా అమలవుతోంది. మహమ్మారి సమయంలో వైద్యం, ఆరోగ్య సేవలు అందించడానికి మీ సమ్మతి లేకుండానే మీ వివరాలు వాడుకోవచ్చని ఆ చట్టంలోని ఏడో సెక్షన్ అంటోంది. అందులో తప్పు లేదు. స్పృహ లేని రోగి సంతకం కోసం ఎవరూ ఎదురుచూడలేరు. అయితే వైద్యం కోసం తీసుకున్న జాబితా వీధి గ్రూపులోకి వెళ్లడం ఈ మినహాయింపు కిందికి రాదు, భద్రంగా ఉంచనందుకు బాధ్యత ఉంటుంది. యూరప్‌లో ఇదే సంగతి ఎలా నడిచిందో చెబుతాను. నార్వే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఫోన్లలో జీపీఎస్ ద్వారా ఎవరెక్కడ తిరుగుతున్నారో గమనించే యాప్ తెచ్చింది. దేశంలో వ్యాధి తక్కువగా ఉన్నప్పుడు ఇంత చొరబాటు అవసరానికి మించినదని అక్కడి డేటా రక్షణ అధికారి 2020 జూన్‌లో హెచ్చరించగానే యాప్ ఆపేశారు, సేకరించిన వివరాలు చెరిపేశారు. నార్వే యూనియన్ సభ్యదేశం కాకపోయినా యూనియన్ డేటా చట్టం అక్కడ వర్తిస్తుంది. దేశాలను దాటిన చట్టం పౌరుడికి నేరుగా, సకాలంలో అక్కరకొచ్చిన అరుదైన ఉదాహరణ ఇది. కారణం వెతికితే, ఆ చట్టం మహమ్మారికి ముందే ఉంది, అడ్డుచెప్పే అధికారి కుర్చీలో అప్పటికే ఒకరు కూర్చుని ఉన్నారు.

ప్రశ్న: టీకా వేయించుకోకపోతే ఉద్యోగంలోకి రానివ్వమని మా యాజమాన్యం అప్పట్లో నోటీసు పెట్టింది. అది చెల్లుతుందా?
(నర్సు, మహారాణిపేట)

జవాబు: కోవిడ్ టీకా నిబంధనలను సవాలు చేసిన జాకబ్ పులియేల్ కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్ ధర్మాసనం ఇచ్చిన తీర్పు దీనికి ఆధారం. ఇష్టం లేనివారికి బలవంతంగా టీకా వేయకూడదు, అది రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వచ్చే శరీర స్వేచ్ఛ. అయినా వ్యాధి వ్యాప్తిని అరికట్టడానికి ప్రభుత్వం కొన్ని పరిమితులు పెట్టవచ్చు. ఆనాటి పరిస్థితిలో టీకా వేయించుకోనివారి మీద విధించిన ఆంక్షలు అవసరానికి మించినవని కోర్టు అంది, కేసులు తక్కువగా ఉన్నంతకాలం వాటిని ఎత్తివేయాలని సూచించింది. స్ట్రాస్‌బర్గ్ కోర్టు 2021 ఏప్రిల్ 8న చెక్ రిపబ్లిక్ కేసులో పిల్లల టీకాలు తప్పనిసరి చేయడాన్ని సమర్థించింది గాని అది కోవిడ్ టీకా కేసు కాదు; చాలామంది పొరబాటున అలా ఉటంకిస్తున్నారు. రోగుల మధ్య పనిచేసే మీ వంటివారి విషయంలో పరిమితులకు అవకాశం కొంత ఎక్కువే ఉంటుంది. నోటీసు ప్రతి పంపితే స్పష్టంగా చెప్పగలను.

ప్రశ్న: తొమ్మిది నెలల కాంట్రాక్టుతో ఎక్కిన బల్క్ క్యారియర్ అనే సరుకు ఓడ మీద 2020లో పదిహేను నెలలు ఉండిపోయాను. రేవు దీపాలు కనిపించేవి, దిగనిచ్చేవారు కారు. నా స్థానంలోకి రావలసిన రిలీవర్ రాలేదని ఓడ కెప్టెన్ అయిన మాస్టర్, కాంట్రాక్టు పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నావికులకు అంతర్జాతీయ చట్టం ఉందంటారు కదా, అదేమైంది?
(మెరైన్ ఇంజనీరు, మల్కాపురం)

జవాబు: ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో అతి స్పష్టంగా రాసి ఉన్న చట్టం మీదే, అతి తేలికగా గాలికొదిలేసిన చట్టమూ మీదే. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం 2013 ఆగస్టు 20న అమల్లోకి వచ్చింది, మన దేశం 2015లో ధ్రువీకరించింది. నావికుడు ఇంటికి వెళ్లే హక్కు రాకముందు ఓడ మీద ఉండే కాలం 12 నెలలకు లోపే ఉండాలి. ఏటా తీసుకోవలసిన సెలవును కూడా లెక్కవేస్తే అది 11 నెలలని అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణుల కమిటీ వివరించింది. ఆరోగ్య నిబంధనలైతే ప్రజారోగ్య కారణాలు చూపి ఓడను రేవుకు రానివ్వకుండా చేయరాదంటున్నాయి. మీరు జేబులో పెట్టుకుని తిరిగే ఎల్లో ఫీవర్ టీకా పసుపు కార్డు కూడా ఆ నిబంధనలు పెట్టినదే. రేవుల్లో ఆరోగ్య తనిఖీ మీకు కొత్త కాదు, కోవిడ్‌తో పుట్టిందీ కాదు.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020 మే నెలలోనే సిబ్బంది మార్పిడికి ఒక పద్ధతి సూచించింది. మన హోం శాఖ అంతకుముందే, ఏప్రిల్ 21న, భారత రేవుల్లో భారతీయ నావికులు సైన్ ఆన్, సైన్ ఆఫ్ అయ్యే (ఉద్యోగంలో ఓడ ఎక్కే, దిగే) విధానం జారీ చేసింది. లాక్‌డౌన్ మధ్యలో అది చిన్న పని కాదని ఒప్పుకోవాలి. అయినా ఆ ఏడాది చివరికి దాదాపు 4 లక్షల మంది నావికులు గడువు దాటి ఓడల మీదే ఉండిపోయారు. ఓడ రిజిస్టరైన దేశాన్ని చెప్పే జెండా పనామాదో లైబీరియాదో, యజమాని మరో దేశంలో, ఓడ లంగరు వేసింది ఇంకో దేశంలో, నావికుడేమో మల్కాపురం మనిషి. బాధ్యత ఎవరిదంటే నలుగురూ మిగతా ముగ్గురి వైపు చూపించారు. డిసెంబరు 1న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ నావికులను కీలక కార్మికులుగా గుర్తించమని తీర్మానించింది. అదే నెలలో కార్మిక సంస్థ నిపుణుల కమిటీ, ప్రభుత్వాలు ఒప్పందాన్ని పాటించడంలో విఫలమయ్యాయని తేల్చింది. మహమ్మారి వచ్చి నెలలు గడిచాక కూడా అనివార్య పరిస్థితి అనే సాకు చెల్లదంది. ఒప్పందానికి 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుంచి అమలవుతున్నాయి: తక్షణ వైద్యం అవసరమైన నావికుడిని వెంటనే ఒడ్డుకు దించాలి, ఇంటివారితో మాట్లాడుకునేందుకు ఇంటర్నెట్ సదుపాయం కల్పించాలి. మీలాంటివారు పడిన కష్టం నుంచే ఈ మాటలు ఒప్పందంలోకి ఎక్కాయి.

పొడిగింపు కాగితం సంగతి. ఇంటికి వెళ్లే హక్కు అనేది సంతకంతో వదులుకోగలిగేది కాదని నిపుణుల కమిటీ వైఖరి. కనుక ఆ సంతకం వల్ల అంతా పోయిందనుకోవద్దు. మళ్లీ అలాంటి కాగితం ముందు పెడితే సంతకం కింద తేదీ వేసి, దిగే ఏర్పాటు లేనందువల్లే ఉంటున్నానని రెండు లైన్లు రాసి, ఫొటో తీసి ఇంటికి పంపండి. కాంట్రాక్టు ప్రతి, సీడీసీలో (నావికుడి సర్వీసు పుస్తకంలో) సైన్ ఆన్ ముద్ర ఉన్న పేజీ, జీతం స్లిప్పులు కూడా ఇంట్లో ఒకరి దగ్గర ఉండాలి. ఓడ మీది ఫిర్యాదు పద్ధతిని ముందు వాడుకోండి, ఫలితం లేకపోతే చేరిన రేవులో విదేశీ ఓడలను తనిఖీ చేసే పోర్ట్ స్టేట్ కంట్రోల్ అధికారికి రాయండి. విశాఖకు వచ్చిన ఓడ అయితే ఇక్కడి మర్కంటైల్ మెరైన్ డిపార్టుమెంటు ఆ పని చూస్తుంది. ఒడ్డు మీద ఇచ్చిన ఫిర్యాదు ఎవరిదో బయటపెట్టకుండా జాగ్రత్త తీసుకోవాలని ఒప్పందమే అంటోంది. మాస్టర్‌కు తెలిసిపోతుందనే భయంతో వెనకాడకండి.